తెగిన వలలో వంతు

అత్తకీ నాకూ చుట్టరికం లేదు. ఆమెది సముద్రం, మాది చెరకు. తీరంలో చేపల గంపలు ఎక్కించుకుని పొద్దున్నే అనకాపల్లి మార్కెట్ దగ్గర దించే ఆటో నాది. ఆ ఆటోలో ముందు సీటు, అంటే నా సీట్లో సగం, ఆమెది. వెనక గంపల మధ్య కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయట. ఏళ్ళ తరబడి ఒకే సీటుని సగం సగం పంచుకున్నవాళ్ళు ఒకరినొకరు ఏదో ఒకటి పిలుచుకోవాలి కదా. నేను అత్తా అన్నాను. "కూతురు లేకుండానే అల్లుడు దొరికేడు, పండక్కి బట్టలు పెట్టక్కర్లేదు" అని ఆమె ఒప్పేసుకుంది.

నేను ఏడో తరగతి మధ్యలో బడికి రాజీనామా ఇచ్చాను. బడి కూడా ఏమీ బతిమాలకుండా ఆమోదించింది. అప్పటినుంచి నాకు తెలియని సంగతి ఎదురైతే ఒక జోకు వేసి పక్కకి తప్పుకోవడం అలవాటైపోయింది. కానీ షేర్ల సంగతి వచ్చినప్పుడు తప్పుకోవడం కుదరలేదు, ఎందుకంటే అత్తని అందులోకి దించినవాణ్ణి నేనే.

చేపల మార్కెట్‌లో సిమెంటు గట్ల మీద కూర్చుని అమ్మే ఆడవాళ్ళు కొంతమంది కలిసి రోజూ ఎంతో కొంత పక్కన పెట్టుకునేవారు. గట్ల వెనక ఐస్ పెట్టెలు పెట్టుకోవడానికి ఒక గది కట్టుకోవాలని వాళ్ళ కోరిక. సాయంత్రం అయ్యేసరికి మిగిలిపోయిన చేపని అడిగినవాడికి అడిగిన ధరకి ఇచ్చేసి లేవాలి. ఆ లేవడం అత్తకి అసలు గిట్టదు. బంగారంలాంటి కోనెం ముక్కని ఎవడో ముక్కు మూసుకుని బేరమాడి పట్టుకుపోతే, దారంతా వాణ్ణి తిట్టేది. ఆ తిట్లలో సగం వినే నాకే తగిలేవి.

"బేంకులో డబ్బు ఏటీ ఎదగట్లేదురా అల్లుడా, మా మేనకోడలి పెనిమిటిలాగ అలాగే ఉంది" అని ఒకరోజు అంది. నేను ఆమెని మా బావ దగ్గరకి తీసుకెళ్ళాను. మా బావ డిగ్రీ చదివాడు. బెల్లం మార్కెట్ రోడ్డులో మిఠాయి షాపు మేడ మీద షేర్లు కొనిపెట్టే ఆఫీసు నడుపుతాడు. ఆఫీసులో ఒక కంప్యూటరు, ఒక ఏసీ, కింద వేగుతున్న జంతికల వాసన ఉంటాయి.

బావ నెమ్మదిగా వివరించాడు. కంపెనీ ఒకటి ఉంటుంది, దాన్ని చిన్న చిన్న ముక్కలు చేస్తారు, మనం కొన్ని ముక్కలు కొంటాం, లాభం వస్తే మనకీ వస్తుంది, నష్టం వస్తే మనకీ వస్తుంది.

"పడవలో వాటాలాగ" అంది అత్త.

"సరిగ్గా అంతే అత్తా" అన్నాడు బావ.

ఆ ఒక్క మాట అనకుండా ఉండి ఉంటే మా బావ ఆ ఏడాదంతా హాయిగా ఏసీ కింద కూర్చునేవాడు.

మిగతావాళ్ళకి పాన్ కార్డులు లేకపోవడంతో ఖాతా అత్త పేరున తెరిచారు. బావ ఒక కరెంటు కంపెనీ షేర్లు కొనిపెట్టాడు. బొగ్గు కాల్చి కరెంటు తీసే పెద్ద కంపెనీ, మన జిల్లాలో దానికి ఏమీ లేదు, ఎక్కడెక్కడో ప్లాంట్లు ఉన్నాయి. ఫ్యాను లేకుండా పడుకునేవాడు దేశంలో ఉండడు కాబట్టి ఇది పడదు అన్నాడు. నిజంగానే పడలేదు. రోజూ పొద్దున్న గంప ఎక్కించాక అత్త, "మన పడవ ఎలాగుందో సూడు" అనేది. నేను ఫోను తీసి చూసి, "తేలుతోంది" అనేవాణ్ణి. ఇంకో ఏడాది ఇలాగే తేలితే గదికి స్లాబు పడుతుందని గట్టు మీద అందరూ లెక్కలేసుకున్నారు.

అత్తకి ఒక చెల్లెలు ఉంది. ఉత్తరాన, రైల్లో వెళ్ళి బస్సు మారాల్సిన ఊళ్ళో ఇచ్చారు. ఆ ఊరిదీ సముద్రమే. అక్కాచెల్లెళ్ళు రోజూ మధ్యాహ్నం ఫోన్లో మాట్లాడుకునేవారు. అక్కడ ఏ చేప పడింది, ఇక్కడ ఎంతకి పోయింది, ఎవరి కోడలు ఎవరిని ఏమంది, అంతా. బేరానికి వచ్చినవాళ్ళు నిలబడి ఉంటే, "ఉండవయ్యా, మా సెల్లి మాటాడుతుంది" అని చేత్తో ఆపేది. ఒకరోజు అత్త గొప్పగా, "మేం కరెంటు కంపెనీలో వాటాదారులం తెలుసా" అని చెప్పింది. ఏ కంపెనీ అని చెల్లెలు అడిగింది. అత్త పేరు చెప్పింది. 

"ఆ కంపెనీ బోర్డే అప్పా మా ఒడ్డున పాతేరు" అంది చెల్లెలు. వాళ్ళ వైపు అక్కని అప్పా అంటారు. "బొగ్గు ఓడలకి జెట్టీ కడతారంట. మా పడవలు దిగే సోటే అది. ఓహో, మీదేనా అది."

ఫోను పెట్టేసింది. మర్నాడు అత్త చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు. మధ్యాహ్నం పూట బేరం లేని వేళ అత్త ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అంతవరకూ ఆమె అంత నిశ్శబ్దంగా ఉండగా నేను చూడలేదు. నాకు భయం వేసింది. దారిలో నేనే తిట్లు మొదలుపెట్టి చూశాను. ఆమె అందుకోలేదు.

ఒక పొద్దున్న అత్తని సబ్బవరం వైపు బేరానికి తీసుకెళ్ళి వస్తూ అడిగాను. "అయినా అత్తా, కంపెనీ జెట్టీ కట్టుకుంటే నువ్వేం చేశావు? పలుగు పట్టుకుని వెళ్ళావా?"

అప్పుడు చెప్పింది ఆ సంగతి. వాళ్ళ ఒడ్డున పడవకి వాటాదార్లు ఉంటారు. ఒకడిది ఇంజను, ఒకడిది వల, ఒకడిది ఒంటి కష్టం. పడవ ఇంకొకళ్ళ వల మీదుగా పోయి వల తెగిందంటే, వాటా ఉన్న ప్రతివాడూ తెగిన వలకి తన వంతు ఇచ్చుకోవాలి. ఆ రోజు పడవ ఎక్కనివాడు కూడా. ఆమె పెనిమిటి బతికున్నప్పుడు ఒకసారి జ్వరంతో ఇంట్లో పడుకుని ఉండగా వాళ్ళ పడవ పక్క ఊరివాళ్ళ వల తెంపింది. దుప్పటి కప్పుకుని గోడ పట్టుకుని వెళ్ళి వంతు ఇచ్చి వచ్చాడట.

"పడుకున్నోడు తెంపేడేటి? అయినా ఇచ్చేడు. మరి నాను? మా సెల్లి వల మీదుగా పోయే పడవలో నాకు వాటా ఉందిరా. తేలతంది, తేలతంది అని రోజూ నీచేత సూపించుకుని మురిసేను కూడాను."

నాకు తెలియని సంగతి ఎదురైంది. అలవాటు ప్రకారం జోకు వేశాను. "అలాగైతే ఈ ఆటో డీజిల్ తాగుతుంది. పొగ కూడా పాపమే. దిగిపోతావా, ఆపమంటావా?"

"ఎందుకు దిగుతాను? నీ ఆటోలో నాకు వాటా లేదు. కిరాయి ఇచ్చి కూకున్నాను. నీ ఆటో ఎవడినైనా గుద్దితే తగువు నీది."

"ఐస్ ఫ్యాక్టరీ కరెంటు? ఇంట్లో ఫ్యాను?"

"వాడతాను. బిల్లు కడతాను. బిల్లు కట్టడం, ఆళ్ళతో కలిసి లాభం తినడం ఒకటేనేటిరా?"

మా బావ డిగ్రీ చదివిన మూడేళ్ళలో ఎవరైనా అతనికి ఈ తేడా ఇంత తొందరగా చెప్పారో లేదో అడగాలనుకున్నాను. అడగలేదు, నా ఏడో తరగతి సంగతి ఎత్తుతాడని.

మర్నాడే మేడ ఎక్కాం. అమ్మేస్తానంది. బావ కంప్యూటరు తిప్పి చూపించాడు. "ఇక్కడ నొక్కితే అయిపోతుంది అత్తా. ఒక్క నిమిషం." అత్త నొక్కలేదు. పడవలోంచి వాటా తీసుకునేవాడు చెప్పకుండా తీసుకోడట. ముందు పడవ పెద్ద ఎదుట నిలబడి, నీ పడవ ఇలాగ పోతంది, నాకు ఇష్టం లేదు, తిప్పుతావా తిప్పవా అని అడగాలి. తిప్పనంటే అప్పుడు దిగాలి. అడక్కుండా దిగినవాణ్ణి మరొకరు ఎక్కించుకోరు.

"మరి ఈ కంపెనీకి పెద్ద ఎవడు? ఎక్కడుంటాడు?"

బావ జుట్టులోకి వేళ్ళు పోనిచ్చాడు. తర్వాత అతని మొహం మెల్లగా మారింది. బావని నేను చాలా ఏడిపిస్తాను గానీ, ఆ రోజు అతను చేసిన పనికి మెచ్చుకోవాలి. "ఏడాదికోసారి వాటాదార్ల మీటింగ్ పెడతారు అత్తా. ఇప్పుడు వీడియోలోనే. ముందు పేరు ఇస్తే మనల్నీ మాట్లాడనిస్తారు. నేను ఇన్నేళ్ళలో ఎవరికీ పేరు ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు." అంతటితో ఆగకుండా ఇంకో మాట కూడా అన్నాడు. "నా సలహా అడిగితే అమ్మొద్దు. లోపలుండి ఏడాదేడాదీ అడుగు. దిగిపోయినదాని మాట ఎవడు వింటాడు? పడవలో ఉన్నవాడి మాటకే కదా విలువ."

అత్త ఆ మాటని కొట్టిపారెయ్యలేదు. దారంతా దాన్నే నమిలింది. "మీ బావ తెలివైనోడురా" అంది. "సూద్దాం, అడిగి సూద్దాం. తిప్పుతానంటే దిగను."

మీటింగ్ రోజు అత్త గంప ఇంకొకరికి అప్పజెప్పి, జరీ అంచు చీర కట్టుకుని, మేడ మెట్లెక్కి వచ్చింది. బావ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటరు ఎత్తు సరిపోక కింద మిఠాయి డబ్బాలు పెట్టాడు. తెరమీద పెద్దాయన కనిపించాడు. తెల్లటి మీసం, వెనక పూలకుండీ. చాలాసేపు ఆయన ఇంగ్లీషులో చదివాడు. తర్వాత వాటాదార్లు ఒక్కొక్కరూ మాట్లాడారు. ఒకాయన ఆ పెద్దాయన్ని అరగంట పొగిడినట్టుంది, బావ తెలుగులో చెప్పడం మధ్యలో మానేశాడు. ఇంకొకాయన ఏటా పంపే స్వీటు డబ్బా ఎందుకు ఆపేశారని అడిగాడు.

"ఈయన కూడా పడవలోనే ఉన్నాడా?" అంది అత్త. "ఈయన బరువుకి ఎప్పుడో మునగాలే."

ఆమె పేరు పిలిచారు. బావ ఏదో నొక్కి, మాట్లాడమని సైగ చేశాడు.  అత్త గొంతు మార్కెట్‌లో ధర చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది.

"అయ్యా, దణ్ణాలు. నాను మీ పడవలో సిన్న వాటాదాన్ని. సేపలమ్ముతాను. మీరు జెట్టీ కడతన్న ఒడ్డున మా సెల్లి ఊరుంది. ఆళ్ళ పడవలు ఆ సోటే దిగుతాయి. ఇంకో సోట అలలు కొట్టేత్తాయి, దిగలేరు. మీరు జెట్టీ కట్టేక ఆళ్ళు ఎక్కడ దిగాలి? అదొక్కటి సెప్పండి. ఇంకేటీ అడగను."

బావ పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పాడు. స్వీటు డబ్బా ప్రసక్తి లేని ప్రశ్న విని కాబోలు, తెరమీద పెద్దాయన కొంచెం ముందుకి వంగి విన్నాడు. మర్యాదగానే జవాబిచ్చాడు. అనుమతులన్నీ ఉన్నాయి, మత్స్యకారులంటే మాకు గౌరవం, మా అధికారి మీకు రాతపూర్వకంగా జవాబు ఇస్తారు, వచ్చినందుకు కృతజ్ఞతలు. తర్వాతి పేరు పిలిచారు.

"మర్యాదస్తుడే" అంది అత్త మెట్లు దిగుతూ. "కానీ ఎక్కడ దిగాలో సెప్పలేదు."

జవాబు కోసం ఆగింది. రోజూ నన్ను ఫోను చూడమనేది, ఇప్పుడు పడవ తేలుతోందా అని కాదు, బావ ఏమైనా కబురు పెట్టాడా అని. కొన్నాళ్ళకి వచ్చింది. బావ చదివి చెప్పాడు. మీటింగ్‌లో చెప్పినదే, కాస్త పొడుగ్గా. ఆఖర్న మీ మద్దతు ఇలాగే కొనసాగాలని కోరుకుంటున్నాం అని ఉంది. పడవలు ఎక్కడ దిగాలో అందులోనూ లేదు.

"బావా, నీ మాట నిజమే" అంది అత్త మా బావతో. ఆమె నాకు మాత్రమే కాదు, నా బంధువులందరికీ వరసలు కలిపేసుకుంది. "లోపలుండి అడగాలి. అడిగేను. ఇంకో ఏడాది ఆగి అడిగేసరికి జెట్టీ అయిపోద్ది. కట్టేసిన జెట్టీని పట్టుకుని ఏటి అడగమంటావు?"

బావ టీ తెప్పించాడు.

కానీ డబ్బు ఆమె ఒక్కదానిదే కాదు. మధ్యాహ్నం బేరం సద్దుమణిగాక గట్టు మీదే అందరినీ కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. నేను కూడా ఉన్నాను, ఆటో వాళ్ళకి మార్కెట్‌లో ఉండే హక్కుతో, అంటే అడ్డంగా నిలబడి.

గట్టు చివర కూర్చునే పిన్ని ఒకామె ఉంది. నెత్తళ్ళు, ఎండుచేపలు అమ్ముతుంది. మార్కెట్‌లో ఆమె నోటికి పోలీసులు కూడా దారి ఇస్తారు. ఆమె అందుకుంది.

"మనం అమ్మితే కంపెనీ ఆగిపోద్దా?"

"ఆగదు" అంది అత్త.

"ఇంకోడు కొనుక్కుంటాడు. జెట్టీకి ఒక్క రాయి తగ్గదు."

"తగ్గదు."

"రేటు ఎదుగుతంది. ఏడాది ఆగితే గది అయిపోద్ది. ఇప్పుడు తీత్తే గోడల దగ్గర ఆగిపోద్ది. అవునా కాదా?"

"అవును."

"పరవాడలో మా పెద్దోడు పనిసేసే కంపెనీ ఏటితో నడత్తంది? గాలితోనా? ఆడు ఆ బస్సు ఎక్కబట్టే మా ఇంట్లో పొయ్యి ఎలుగుతంది."

"అదీ నిజమే."

అన్నిటికీ అవునంటూ ఉంటే పిన్నికి కోపం ఇంకా ఎక్కువైంది. తగువాడేవాళ్ళకి అవుననేవాళ్ళంటే గిట్టదు. గొంతు తగ్గించి, పదును పెంచింది. "ఒకటి సెప్పు అప్పా. నిజం సెప్పాలి. అది నీ సెల్లి ఊరు కాకపోతే నీకు ఇంత పట్టేదా?"

గట్టు మీద అందరూ అత్త వైపు చూశారు. నేనైతే ఇక్కడ ఒక జోకు వేసి ఆటో స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయేవాణ్ణి.

"పట్టేది కాదు" అంది అత్త. "ఎవుళ్ళ ఒడ్డో, ఎవుళ్ళ పడవలో. తెలిసేదే కాదు. నా సెల్లి కాబట్టి తెలిసింది. తెలిసిపోయేక తెలీనట్టు కూకుని సేపలమ్మలేకపోతన్నాను. మీకు తెలీదు, నాకు రేత్రి అన్నం దిగట్లేదు."

 ఒకామె తన గంపలోంచి ఐస్ ముక్క తీసి నేల మీద పారేసింది, ఊరికే.

"ఎవుళ్ళనీ దిగమనను" అంది మళ్ళీ. "పడవలోంచి ఎవుళ్ళనీ గెంటరు. ఉండేవోళ్ళు ఉండండి. నా వాటా, నాతో వచ్చేవోళ్ళ వాటా తీసేత్తాను. గదికి తగ్గినది మనమే మళ్ళీ కూడబెడదాం. నాను రెండో గంప ఎత్తుతాను."

చాలామంది ఆమెతో దిగారు. నాకు ఆశ్చర్యం వేసింది. వాళ్ళకి జెట్టీ గురించి పెద్దగా తెలిసి కాదు, అత్తకి అన్నం దిగట్లేదన్న మాట మీద దిగారు. చివరి గట్టు పిన్ని, ఇంకో ఇద్దరు మాత్రం ఉంటామన్నారు. ఖాతా అత్త పేరున ఉండడంతో కొత్త చిక్కు వచ్చింది. బావ పిన్నికి పాన్ కార్డు చేయించి, ఆమె పేరున వేరే ఖాతా తెరిచి, ఆ ముగ్గురి వాటాలు అందులోకి మార్చాడు. ఫోటోకి నవ్వమంటే పిన్ని, "నవ్వితే రేటు ఎదుగుద్దేటి" అందట.

అమ్మే రోజు అత్త తనే నొక్కింది. తెరమీద చిన్న అక్షరాలు మారాయి. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"ఇంతేనా?"

"ఇంతే అత్తా."

"పడవ దిగితే మా ఆయన తెడ్డు భుజాన ఏసుకుని ఒడ్డు పొడుగునా నడిసి ఇంటికొచ్చేవోడు. అందరూ సూసేవోరు, ఈడు దిగేడు అని. మోసుకెల్లడానికి ఏటీ లేదేటిరా ఇందులో?"

అప్పుడే ఆమెకి ఆలోచన వచ్చి ఉంటుంది. తన వంతు వచ్చిన లాభాన్ని గదికి ఇవ్వనంది. పెట్టిన డబ్బు గదికి, పైన వచ్చింది చెల్లెలి వలకి. ఆ కంపెనీలో ఉన్నన్నాళ్ళూ తిన్నది తెగిన వల తాలూకు వంతేనని ఆమె లెక్క. "అత్తా, ఇంకా వల తెగలేదు, జెట్టీ కట్టలేదు" అన్నాను. "తెగేక ఇత్తే అది తగువు. ముందే ఇత్తే సుట్టరికం" అంది.

నైలాను వల కొనడానికి విశాఖపట్నం వెళ్ళాలి. పొద్దున్నే ఆటో తీసి మార్కెట్ ముందు ఆగాం, ఆమె గంప ఒకరికి అప్పజెప్పడానికి. చివరి గట్టు పిన్ని లేచి వచ్చింది. బొడ్లో దోపుకున్న సంచీ విప్పి, మడత పెట్టిన నోట్లు అత్త చేతిలో పెట్టింది.

"ఇదేటి?"

"నా వంతు."

"నువ్వు దిగలేదు కదే."

"అదే కదప్పా. నాను ఇంకా పడవలోనే ఉన్నాను. దిగిపోయినదానివి నువ్వే ఇత్తే, ఉన్నదాన్ని నాను ఇవ్వనా? మా పెద్దోడికి సెప్పకు, తిడతాడు."

తిరిగి వెళ్ళి కూర్చుని, నెత్తళ్ళ మీద నీళ్ళు చల్లుకుంది. నేను ఈ పిన్నిని ఏళ్ళుగా ఎన్ని మాటలన్నానో నాకే తెలియదు. ఆమె కూడా బాకీ ఉంచుకోలేదు, అన్నీ తిరిగి ఇచ్చింది. కానీ ఆ పొద్దున్న ఆమె గట్టు ముందు ఆటో తిప్పుతుంటే, హారన్ కొట్టబుద్ధి కాలేదు.

వల గోనెసంచిలో కుట్టించి రైలెక్కించాం. మేమిద్దరం, ఆ సంచి. జనరల్ పెట్టెలో దానికి మాకంటే మంచి చోటు దొరికింది. ఒక ముసలాయన దాని మీద కూర్చోబోతే అత్త లేపేసింది. దారిలో ఆమె ఒక్కసారి మాత్రం, "తీసుకోకపోతే?" అంది. నన్ను కాదు, కిటికీని అడిగింది. నేను పల్లీలు కొనిచ్చాను. నాకు తెలిసిన సమాధానం అదే.

చెల్లెలి ఊళ్ళో బస్సు దిగగానే బోర్డు కనిపించింది. నీలం రంగు, తెల్ల అక్షరాలు. దాని కింద పిల్లలు గోళీలాడుకుంటున్నారు. ఒడ్డున పడవలు వరసగా ఉన్నాయి. చెల్లెలు ఇంటి ముందు ఇసక మీద నెత్తళ్ళు ఎండబెడుతోంది. మొహం అత్తదే, కాస్త సన్నం. మమ్మల్ని చూసింది. చీపురుకట్టతో కాకుల్ని తోలుతూ ఉండిపోయింది.

ఆమె భర్త కుర్చీలు తెచ్చాడు, నీళ్ళిచ్చాడు. మంచి మనిషి. అతనే మాటలు కలిపాడు. ఊళ్ళో సగం మంది జెట్టీ కావాలంటున్నారట, పనులొస్తాయని. "నానూ వాచ్‌మేన్ పనికి పేరిచ్చేను వదినా. దాసడం ఎందుకు? పడవ దిగే సోటు లేకపోతే ఏటి సేత్తాం?" అన్నాడు. చెల్లెలు అటు తిరిగి ఒక చూపు చూసింది. అతను లోపలికి వెళ్ళి గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

నేను సంచి తెచ్చి అత్త ముందు దించాను. అత్త కుట్టు విప్పి వల బయటికి లాగింది. లేత ఆకుపచ్చ నైలాను, కొత్త వాసన.

"నాను దిగిపోయేను" అంది. "ఆ పెద్దని అడిగేను, మీ పడవలు ఎక్కడ దిగాలని. సెప్పలేదు. దిగిపోయేను. ఇది నా వంతు. మా గట్టు మీద ఒకామె వంతు కూడా ఉంది ఇందులో, ఆమె దిగలేదు."

చెల్లెలు కాకుల వైపే చూస్తోంది. 

"దీంతో జెట్టీ ఆగిపోద్దా?" అంది చివరికి. ఇన్ని నెలల తర్వాత మొదటి మాట.

"ఆగదు."

"మరెందుకు మోసుకొచ్చేవు?"

"తెలీదు" అంది అత్త. "నువ్వు ఫోనెత్తట్లేదు."

చీపురుకట్ట కింద పెట్టింది చెల్లెలు. వచ్చి వల పక్కన గొంతుక్కూర్చుంది. ఒక అంచు చేతిలోకి తీసుకుని, వేళ్ళు వల కంతల్లో దూర్చి, ఎండలోకి ఎత్తి చూసింది. ముడి ఒకటి పంటితో లాగింది. 

"ఇదేటి అప్పా, వల కన్ను ఇంత సిన్నది?"

"ఏటి సిన్నది?"

"మా కాడ ఈ కన్ను ఎవుడు వాడతాడు? ఇది మీ దచ్చినాన కవ్వ సేపలు పట్టే కన్ను. ఎవుడు అంటగట్టేడు నీకు?"

"నువ్వు పుట్టకముందు నించి వలలు సూత్తన్నాను నాను. నాకు అంటగడతారా?"

"అంటగట్టేరు. ఈ ముడి సూడు. లాగితే జారిపోతంది."

"పళ్ళతో లాగితే ఏ ముడైనా జారుద్ది. ఇలాగియ్యి."

వల రెండు చివరలు ఇద్దరూ పట్టుకుని ఇసక మీద పరిచేశారు, నెత్తళ్ళని కాలితో పక్కకి నెట్టేసి. కాకులు దిగాయి. వాటిని తోలేవాళ్ళు లేరు. చీపురు నేను తీసుకున్నాను. వల తేలడానికి కట్టే బెండ్లు ఎంత దూరానికి ఒకటి కట్టాలన్న దాని మీద మళ్ళీ గొడవ. మీ ఆయన కట్టినట్టు కట్టకు అంటుంది ఒకామె. నా మొగుణ్ణి ఏటంటావు అంటుంది ఇంకొకామె. ఆ మొగుడు గుమ్మంలో తడి గ్లాసుతో నిలబడి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"బస్సు టైమైంది అత్తా" అన్నాను కాసేపటికి.

"ఉండరా, మా సెల్లి మాటాడుతుంది" అంటూ చేత్తో ఆపి, వల కిందకి తల దూర్చి ఏదో ముడి వెతుకుతోంది. బస్సు హారన్ కొట్టుకుంటూ బోర్డు పక్క నుంచి వెళ్ళిపోయింది.